రివ్యూలు లేని కారు: జి.డి. నాయుడు కథ

మేం ముగ్గురం కలిస్తే గొడవ కార్ల గురించే. నాది కోదాడ. ఒకడిది సూర్యాపేట, ఇంకొకడిది మిర్యాలగూడ. ముగ్గురం చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియమే, ఇప్పుడు ముగ్గురం సీఎస్ఈనే. ముగ్గురిలో ఏ ఒక్కడి పేరు మీదా కారు లేదు. అయినా సరే, మార్కెట్లోకి ఏ కొత్త కారు వస్తున్నా, అది షోరూముకి చేరకముందే మా తీర్పు వచ్చేస్తుంది.

సెలవులొస్తే సూర్యాపేటలో కలుస్తాం. 65వ నంబరు హైవే పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడితే చాలు, హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బండ్లన్నీ మా కళ్ల ముందు నుంచే పోతాయి. వాటిల్లో చాలా బండ్లు టిఫిన్‌కి అక్కడే ఆగుతాయి కూడా. టీఆర్ నంబరుతో, సీట్ల కవర్లు కూడా తీయని కొత్త బండి ఆగిందంటే మేం మెల్లగా దాని పక్కకి జరుగుతాం. ఓనరు వచ్చేలోపు లోపల స్క్రీన్ ఎంత పెద్దదో అద్దంలోంచి తొంగి చూస్తాం. ఆ తర్వాత అరగంట చర్చ.

మొన్నటి టాపిక్ టాటా సియెరా. 1991లో వచ్చిన పేరుని 2025 నవంబర్లో మళ్లీ తెచ్చారు. సూర్యాపేటవాడికి ఆ డబ్బా షేపు తెగ నచ్చేసింది. మిర్యాలగూడవాడికి షేపుతో పని లేదు. వాళ్ల ఊళ్లో వడ్ల సీజన్‌లో ట్రాక్టర్ల మధ్య, రైసు మిల్లుల ముందు గుంతల్లో బండి నడపాలి కాబట్టి గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత, సర్వీస్ సెంటర్ ఎంత దూరం అని మాత్రమే అడుగుతాడు. నేను ఈవీల పార్టీ. మహీంద్రా బీఈ 6కి కంపెనీ చెప్పే 682 కిలోమీటర్ల రేంజ్, మన మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, హైవే స్పీడులో ఎంతకి దిగుతుందో లెక్కలు వేస్తూ కూర్చుంటా.

అక్కడి నుంచి మాట చవక కార్ల మీదకి మళ్లింది. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపించి, 2009లో అమ్మకానికి పెట్టిన లక్ష రూపాయల నానో ఎందుకు నిలబడలేదు? చవక అనే ముద్ర పడ్డాక జనం కొనరని ఒకడు, ఫ్యాక్టరీ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారడంతో ఊపు పోయిందని ఇంకొకడు. ఇంటికొచ్చాక కూడా అదే గొడవ ఫోన్లో నడుస్తోంది. నేను కోదాడలో మా నాన్న షెడ్డులో కూర్చుని, స్పీకర్ ఆన్ చేసి మాట్లాడుతున్నా. మా నాన్న లారీ మెకానిక్. లారీ కింద పడుకుని పని చేస్తూ అంతా విన్నాడు. చివరికి బయటికొచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఒకే ఒక్క మాట అడిగాడు. మీ ముగ్గురిలో ఎవరన్నా, ఏ బండిదైనా సరే, ఇంజన్ విప్పి చూశారా అని.

ఫోన్లో అవతల ఇద్దరూ సైలెంట్. ఇవతల నేనూ సైలెంట్.

ఆ రాత్రి ఉక్రోషం కొద్దీ, ఇండియాలో తయారైన అతి చవక కారు ఏదో వెతుకుదామని మొదలుపెట్టా. నానోనే వస్తుంది అనుకున్నా. కానీ దానికి అరవై ఏళ్లకి కాస్త తక్కువ ముందే, 1952లో, ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి తయారైందని, ధర రెండు వేల రూపాయలని కనబడింది. చేసింది టాటా కాదు, బిర్లా కాదు. కోయంబత్తూరులో ఒక తెలుగాయన. పేరు జి.డి. నాయుడు. ఇండియా ఎడిసన్ అంటారట. తమిళనాడులో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన పేరు. నాకు మాత్రం పంతొమ్మిదేళ్లొచ్చాక తెలిసింది. ఈ వ్యాసం అందుకే.

కలంగల్ కుర్రాడు

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి రైతు. కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. విజయనగర రాజుల కాలం నుంచీ, ఆ తర్వాత నాయక రాజుల కాలంలోనూ మన వైపు నుంచి అటు వెళ్లి స్థిరపడినవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అక్షరాలు మాత్రం తమిళ అక్షరాలే. అలాంటి ఇంట్లో పుట్టినవాడు దొరస్వామి.

బడి ఆయనకి పడలేదు. చిన్న తరగతుల్లోనే చదువు ఆగిపోయింది. మన భాషలో చెప్పాలంటే డ్రాపౌట్. అలాగని చదవడం మానలేదు. పొలం పని చేసుకుంటూ దొరికిన పుస్తకమల్లా చదివేవాడని చెప్తారు. మనం చదువు మానేయకుండా పుస్తకాలు మానేశాం, ఆయన రివర్స్.

ఆయన జీవితం మలుపు తిరిగింది ఒక బండి వల్ల. ఓ రోజు ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిల్ మీద ఆ వైపు వచ్చాడు. అది రడ్జ్ అనే ఇంగ్లీష్ కంపెనీ బండి. ఎద్దుల బండ్లు తప్ప ఏమీ తిరగని ఆ మట్టి రోడ్డు మీద, లాగే ఎద్దు లేకుండా, తొక్కే మనిషి లేకుండా ఒక యంత్రం తనంతట తాను పోతోంది. ఊళ్లోవాళ్లంతా చూశారు. చూసి, మాట్లాడుకుని, ఎవరి పనికి వాళ్లు పోయి ఉంటారు. ఇక్కడిదాకా అయితే సూర్యాపేట హైవే పక్కన మేం చేసేదీ అదే.

తేడా ఆ తర్వాత వచ్చింది. దొరస్వామికి ఆ బండి తనకి కావాలనిపించింది. పొగడటానికో, నడిపి చూపించుకోవడానికో కాదు. అది ఎలా నడుస్తుందో తెలియాలి. డబ్బుల్లేవు. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో పనికి కుదిరాడు. సర్వర్ పని. టిఫిన్లు అందిస్తూ, ఎంగిలి ప్లేట్లు తీస్తూ, వచ్చిన జీతంలోంచి కొంచెం కొంచెం దాచాడు. కొన్నేళ్లు అలా దాచాక ఆ మోటారు సైకిల్ కొన్నాడు.

ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? ఊరికి వెళ్లి ఒక రౌండ్ వేస్తారు. నేనైతే స్టేటస్ పెడతా. ఆయన మాత్రం బండిని పార్టు పార్టుగా విప్పేశాడు.

దీని రిస్కు ఎంతో ఆలోచించండి. అది 1910ల కాలం. ఇప్పట్లా వీధికో మెకానిక్ లేడు, వీడియో చూసి నేర్చుకునే వీలు లేదు. ఏదైనా పార్టు పోతే ఓడ ఎక్కి ఇంగ్లాండ్ నుంచి రావాలి. ఆ రోజుల్లో చాలా మోటారు సైకిళ్లకి చైన్ కూడా ఉండేది కాదు, ఇంజన్ నుంచి వెనక చక్రానికి బెల్టు ఉండేది. స్పార్కు కోసం బ్యాటరీ బదులు మాగ్నెటో. ఇవేవీ ముందు చూసి ఉన్నవాడు కాదు. కొన్నేళ్ల కష్టం మొత్తం నేల మీద ముక్కలుగా పరిచి ఉంది. తిరిగి బిగించలేకపోతే అంతే సంగతులు. ఆయన బిగించాడు. బిగించేటప్పుడే మెకానిక్ అయ్యాడు. మొదటి ఇంజనీరింగ్ క్లాసు అదే, లెక్చరర్ కూడా ఆ బండే.

బస్సు నడిపిన ఓనరు

ఆ తర్వాత నేరుగా సక్సెస్ రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తికి గిరాకీ ఉంది. పత్తి వ్యాపారంలో దిగి బాగా సంపాదించాడు. ఇంకా పెద్దగా చేద్దామని బొంబాయి వెళ్లి, అక్కడ పోగొట్టుకుని తిరిగొచ్చాడు. డబ్బుతో డబ్బు చేయడం ఆయనకి కలిసి రాలేదు. మళ్లీ బండ్ల దగ్గరికే వచ్చాడు.

1920లో ఒక బస్సు కొన్నాడు. కోయంబత్తూరులో వ్యాపారాలున్న రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయుడు ఆయన మీద నమ్మకంతో సాయం చేశాడు. పొళ్లాచ్చి నుంచి పళని దాకా రూటు. మన కోదాడ నుంచి మిర్యాలగూడ ఎంత దూరమో ఇంచుమించు అంతే. పళనిలో కొండ మీద మురుగన్ గుడి ఉంది కాబట్టి భక్తులు ఎప్పుడూ ఉంటారు. ఆ మొదటి బస్సుకి డ్రైవర్ ఎవరు? ఆయనే. ఓనరు, డ్రైవరు, మెకానిక్ ముగ్గురూ ఒక్కడే.

ఒక్క బస్సుతో మొదలైనది కొన్నేళ్లలోనే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. జనం యూఎంఎస్ అనేవాళ్లు. దేశంలోనే చక్కగా నడిచే బస్సు సర్వీసుల్లో ఒకటని దానికి పేరొచ్చింది. బస్సు కింద దూరి పని చేసినవాడు ఓనరైతే, మెకానిక్‌ని మభ్యపెట్టడానికి డ్రైవర్‌కి, ఓనర్ని మభ్యపెట్టడానికి మెకానిక్‌కి చాన్స్ ఉండదు. ఈ మాట నాకు మా నాన్న చెప్పాడు. నాయుడు గురించి నేను చదివి చెప్తుంటే ఆయనకి అన్నిటికన్నా నచ్చిన పార్టు ఇదే.

మన పొలాల దాకా వచ్చిన మోటారు

1930ల మొదట్లో నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలై, కోయంబత్తూరుకి కరెంటు వచ్చింది. కరెంటుతో పాటు బట్టల మిల్లులు పెరిగాయి, బావుల మీద పంపుసెట్లు పెట్టుకోవాలన్న ఆశ పెరిగింది. కానీ మోటార్లన్నీ విదేశాల నుంచే రావాలి. పీళమేడులో నాయుడు పెట్టిన న్యూ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో, డి. బాలసుందరం నాయుడితో కలిసి, 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్ని చెప్తారు.

ఇది చదివినప్పుడు నాకు ఒక విషయం వెలిగింది. మా కోదాడ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందని చోట బోరు వేస్తే, మోటారు కొనడానికి షాపుకి వెళ్తే, కోయంబత్తూరు మాల్ అన్న మాట వినబడుతుంది. మోటార్లు, పంపుల ఊరుగా కోయంబత్తూరుకి ఉన్న పేరు ఎక్కడి నుంచి మొదలైందో నేనెప్పుడూ ఆలోచించలేదు. నాయుడు పేరు మా దాకా రాలేదు కానీ, ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు మొదలుపెట్టిన పని మా పొలాల దాకా ఎప్పుడో వచ్చేసింది.

మోటారు పెద్దదే చేయాలని లేదు కదా. డ్రై సెల్స్‌తో నడిచే బుల్లి మోటారు పెట్టి ఎలక్ట్రిక్ రేజర్ చేశాడు, దానికి రాసంట్ అని పేరు. చాలా సన్నటి షేవింగ్ బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో నడిచే ఫ్యాను, సినిమా కెమెరాలో దూరం సరిచేసే సాధనం, మోసం చేయడానికి వీల్లేని ఓటింగ్ యంత్రం ఆయన లిస్టులో ఉన్నాయి. మన దేశంలో ఈవీఎంతో మొదటిసారి ఓట్లు వేయించింది 1982లో, కేరళలోని పరవూరులో. అప్పటికి నాయుడు పోయి ఎనిమిదేళ్లు. 1941లో ఐదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే ఇక్కడ తయారు చేసి ఇవ్వగలనని ప్రకటించాడు.

మధ్యలో యూరప్ తిరిగాడు, కెమెరా పట్టుకుని. 1936 జనవరిలో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియల్ని స్వయంగా ఫిల్మ్ తీశాడు. ఇంటి దగ్గర ఉంటే పొలంలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు. ఆ పొలం చూడ్డానికి సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య లాంటివాళ్లు వచ్చారు. ఒక్క లైనులో ఉండే మనిషి కాదు. ఆయన్ని ఏ బ్రాంచిలో వేయాలో మన ఎంసెట్ కౌన్సెలింగ్‌కి కూడా తెలియదు.

నాలుగేళ్లు ఎందుకు?

ఇప్పుడు మనకి సంబంధించిన పార్టు. ఇది రాయాలా వద్దా అని కొంచెం ఆలోచించా, మన మ్యాగజైన్ ఫ్యాకల్టీ కూడా చదువుతారు కాబట్టి.

1944లో నాయుడు బస్సుల వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. పరిశోధన చేసేవాళ్లకి స్కాలర్‌షిప్పులు, తన దగ్గర పనిచేసేవాళ్లకి, అణగారిన వర్గాలకి సంక్షేమ పథకాలు ప్రకటించాడు. తర్వాత ఆయన పూనిక, విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆర్థర్ హోప్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. ఆర్థర్ హోప్ అంటే అప్పటి మద్రాసు గవర్నరు. ఆ కాలేజీయే ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ, జీసీటీ. 1945లో దానికి ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? బడి మధ్యలో మానేసిన ఈ నాయుడే.

ఎక్కువ రోజులు ఉండలేదు. నాలుగేళ్ల కోర్సు టైం వేస్టని, అదే చదువు రెండేళ్లలో చెప్పొచ్చని ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. తాను నిలబెట్టిన కాలేజీకే రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశాడు.

దీన్ని హాస్టల్లో చదివి వినిపిస్తే అందరూ చప్పట్లు. అప్పటికప్పుడు ఆయన్ని అందరూ దేవుణ్ని చేసేశారు. కానీ నాకు చప్పట్లు కొట్టాలనిపించలేదు. ఎందుకంటే ఆయన రెండేళ్లు చాలన్నది, తక్కువ నేర్చుకుంటే చాలని కాదు. అదంతా రెండేళ్లలో నేర్పొచ్చని. వర్క్‌షాపులో చేత్తో చేస్తూ నేర్చుకునేవాడి లెక్క అది. మన లెక్క వేరు. నిజం చెప్పాలంటే, ల్యాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాసి, వైవా ముందు రోజు రాత్రి సీనియర్ నోట్స్ చదివి పాసైన సబ్జెక్టులు నాకున్నాయి. అలా అయితే నాలుగు కాదు, ఎనిమిదేళ్లిచ్చినా అంతే. నాలుగేళ్లు ఎక్కువా తక్కువా అని అడిగే హక్కు, మొదటి రెండేళ్లలో ఏదో ఒకటి విప్పి బిగించినవాడికి ఉంటుంది. నాకు రెండేళ్లు దాదాపు అయిపోయాయి. నేనేం విప్పాను?

రెండు వేల కారు

ఇక అసలు కారు దగ్గరికి వద్దాం.

1952. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్లు. రోడ్ల మీద తిరిగే కార్లన్నీ విదేశీ మోడళ్లే, లేదా విదేశీ పార్టులు తెచ్చి ఇక్కడ బిగించినవే. అంబాసిడర్ కూడా ఇంకా రాలేదు. కారంటే జమీందారో, మిల్లు ఓనరో, పెద్ద డాక్టరో. అలాంటి రోజుల్లో నాయుడు ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశాడు. ధర రెండు వేలు.

ఇద్దరికే సీట్లేంటి అని ఇప్పుడు మనం నవ్వొచ్చు. కానీ ఆలోచిస్తే, మన దగ్గర సగం కార్లలో హైవే మీద పోయేది ఒకరో ఇద్దరో. ఏడు సీట్ల బండిలో ఒక్కడే కూర్చుని టోల్ కట్టేవాళ్లని సూర్యాపేటలో రోజూ చూస్తాం. ఆయన బస్సులు నడిపిన మనిషి. గుంపుగా పోయేవాళ్లకి బస్సు ఉంది. ఒకరిద్దరికి అంత పెద్ద బండి దేనికని అనుకున్నాడేమో. ఇది నా ఊహ మాత్రమే.

అదే ఏడాది, 1952 మే 8న, పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది. చట్టం పేరులో 1951 ఉంటుంది కానీ అమలు 1952 నుంచి. షెడ్యూల్లో ఉన్న పరిశ్రమల్లో కొత్తగా ఏం పెట్టాలన్నా కేంద్రం లైసెన్సు కావాలి. మోటారు వాహనాలు ఆ లిస్టులో ఉన్నాయి. ప్రభుత్వానికీ దాని కారణాలు దానికున్నాయి. కొత్త దేశం, ఉక్కు తక్కువ, విదేశీ మారకం తక్కువ, ఉన్నదాన్ని దేనికి ముందు వాడాలో తామే నిర్ణయించాలని వాళ్ల ఆలోచన. కార్లు అంటే కొద్దిమంది వాడే సరుకు, దానికి రెండు మూడు కంపెనీలు చాలు అన్నట్టు నడిచింది చాలా ఏళ్లు.

నాయుడి కారుకి లైసెన్సు రాలేదు. తయారీ ఆగిపోయింది.

అంతే. ఇంజన్ పేలలేదు, బ్రేకులు ఫెయిలవలేదు, జనం కొనక షోరూముల్లో దుమ్ము పట్టలేదు. నానోకి కనీసం ఒక తీర్పు దక్కింది. కొన్నవాళ్లు మెచ్చుకున్నారు, తిట్టారు, కొననివాళ్లు జోకులేశారు. 2018లో ఆగిపోయేదాకా దాని బతుకు అది బతికింది. నాయుడి కారుకి ఆ అదృష్టం కూడా లేదు. దాని గురించి బాగుందనో, బాలేదనో చెప్పే కస్టమరే పుట్టలేదు. ఒక్క రివ్యూ కూడా లేని కారు. మామూలు ఉద్యోగి కొనగలిగే చిన్న కారు కోసం ఈ దేశం 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చేదాకా ఎదురుచూసింది. 31 ఏళ్లు.

ఆ కారు రోడ్డెక్కి ఉంటే గొప్పగా ఆడేదని నేను చెప్పలేను. బాగా లేకపోయి ఉండొచ్చు. మొదటి ఏడాదే రేడియేటర్ ఉడికిపోయేదేమో, రెండో ఏడాదికి మంచి మోడల్ చేసేవాడేమో. కొత్త వస్తువు బాగుపడేది అలాగే. వాడినవాడు తిట్టాలి, చేసినవాడు దిద్దాలి. నా బాధ కారు పోయిందని కాదు, ఆ తిట్టుకునే, దిద్దుకునే 31 ఏళ్లు పోయాయని. మేం హైవే పక్కన నిలబడి చెప్పే అభిప్రాయాలకి కూడా విలువ ఉందని నాకు ఇక్కడే అనిపించింది. కాకపోతే అవి చేసేవాడి చెవిన పడాలి. మాలో ఒకడైనా ఆ చేసేవాడు కావాలి.

ఆ తర్వాత

కారు ఆగిందని నాయుడు ఆగలేదు. ఒక దారి మూస్తే ఇంకో పని. పనిచేసేవాళ్లకి, విద్యార్థులకి యంత్రాలు కళ్లారా చూపించాలని తపన. 1967లో ఇండస్ట్రియల్ లేబర్ వెల్ఫేర్ అసోసియేషన్ పెట్టాడు. ఆయన పేరుతో పారిశ్రామిక ప్రదర్శన ఇప్పటికీ కోయంబత్తూరులో ఉంది. 1974 జనవరి 4న చనిపోయాడు. ఎనభై ఏళ్లు. మనవాళ్లు ఎవరైనా పోయినప్పుడు అనుకుంటాం కదా, ఇంకో పదేళ్లుంటే ఎంత బావుండేదని. ఈయన విషయంలో నాకు వేరేలా అనిపించింది. ఇంకో నలభై ఏళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే, కార్లకి లైసెన్సులు పోయిన 1993 నాటికి ఆయన చేతిలో ఇంకా స్పానర్ ఉండేది కదా అని.

2015లో ఆయన వారసులు కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం తెరిచారు. దేశదేశాల పాత కార్లు అక్కడ ఉన్నాయి. 2025 అక్టోబర్లో అదే అవినాశి రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవర్ మొదలైంది. దానికి జి.డి. నాయుడు పేరే పెట్టారు. ఇప్పుడు ఆ పేరు మీదుగా రోజూ వేల కార్లు పోతున్నాయి. అన్ని కంపెనీలవీ ఉంటాయి, ఒక్క ఆయనది తప్ప.

మా షెడ్డులో

ఇదంతా చదివాక ఒక ఆదివారం పొద్దున షెడ్డుకి వెళ్లి, మూల పడి ఉన్న మా నాన్న పాత బైకు కార్బరేటర్ విప్పుతానని అడిగా. ఆయన నా మొహం వింతగా చూశాడు. ఎందుకంటే నన్ను ఇంగ్లీష్ మీడియంలో వేసిందే ఆ గ్రీజు నా చేతికి అంటకూడదని. చిన్నప్పుడు షెడ్డులో స్పానర్ పట్టుకుంటే లాక్కుని ఇంటికి పంపేవాడు. ఆయన చేతుల మీద కాలిన మచ్చలున్నాయి, నాకు అవి రాకూడదని ఆయన కోరిక. నేను అది తప్పనను. ఆ స్పానర్ సంపాదనతోనే నేనిప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చున్నా.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక పళ్లెంలో పెట్రోలు పోసి, స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, పార్టులు విప్పిన వరసలోనే కింద పేపరు మీద పెట్టుకోమని చెప్పాడు. ఫ్లోట్, నీడిల్, జెట్లు. పిన్ను మొన కన్నా సన్నటి ఆ కన్నంలోంచి పెట్రోలు ఎంత పోవాలో కొలత ప్రకారం పోతుందని, అది మూసుకుపోతే బండి మొత్తం ఆగిపోతుందని అప్పుడే తెలిసింది. నేను ఫ్యూయల్ ఎఫిషియన్సీ గురించి ఎన్ని గంటలు వాదించానో, ఆ కన్నాన్ని ఒక్కసారి కూడా చూడకుండా.

విప్పడానికి నలభై నిమిషాలు. బిగించడానికి మధ్యాహ్నం అన్నం టైం దాటిపోయింది. అంతా అయ్యాక పేపరు మీద ఒక చిన్న స్ప్రింగ్ మిగిలింది. నేను దాన్ని మెల్లగా జేబులో వేసుకుందామని చూశా. మా నాన్న చూసేశాడు. నవ్వి, మళ్లీ మొత్తం విప్పించాడు. రెండోసారి స్ప్రింగ్ దాని చోట కూర్చుంది. మూడు కిక్కులకి బండి స్టార్టయింది. ఆ సౌండు రికార్డ్ చేసి గ్రూపులో పెట్టా. సూర్యాపేటవాడు ఏ కారుది అని అడిగాడు.

నాయుడు మోటారు సైకిల్ విప్పినప్పుడు ఎన్ని స్ప్రింగులు మిగిలాయో ఎవరూ రాయలేదు. కచ్చితంగా మిగిలే ఉంటాయని నా నమ్మకం.

వచ్చే సెలవుల్లో మేం ముగ్గురం కోయంబత్తూరు వెళ్దామనుకుంటున్నాం. జీడీ మ్యూజియం చూడాలి, వీలైతే జీసీటీ గేటు దాకా వెళ్లి రావాలి. క్లబ్బులో ఇంకెవరైనా వస్తామంటే చెప్పండి, రైలు టిక్కెట్లు కలిపి బుక్ చేద్దాం. ఒకే ఒక్క కండిషన్. వచ్చేలోపు మీ ఇంట్లో ఏదో ఒకటి, పాత మిక్సీ అయినా సరే, ఫ్యాను అయినా సరే, విప్పి బిగించి రావాలి. ప్లగ్గు పీకేసి విప్పండి, షాక్ కొడితే నన్నడగొద్దు.